అమృతపాణి తోట

ఆ ఏడాది ఎమ్మెస్సీ రెండో సంవత్సరంలో మొక్కల తెగుళ్ళ బ్రాంచి తీసుకున్నది ఒక్క అమ్మాయే. మిగిలిన పిల్లలంతా మైక్రోబయాలజీ వైపు వెళ్ళిపోయారు. ఆసుపత్రి లాబుల్లో, మందుల కంపెనీల్లో ఉద్యోగాలు దొరుకుతాయని వాళ్ళ ఆశ. అందులో తప్పేమీ లేదు. అరటికి వచ్చే జబ్బులు చదివితే ఏం ఉద్యోగం వస్తుందని ఎవరైనా అడిగితే, ఇన్నేళ్ళు ఆ పాఠాలే చెప్పిన నా దగ్గర కూడా సరైన జవాబు లేదు.

జూన్ చివర్లో ప్రిన్సిపాల్ గారు నన్ను గదికి పిలిచారు. "రమాసుందరి గారూ, ఈ ఒక్క బ్యాచ్ పూర్తిచేసి ఆ బ్రాంచి ఆపేద్దామండీ. మీరూ వచ్చే వేసవికి రిటైరవుతున్నారు కదా" అన్నారు. చాలా మర్యాదగానే అన్నారు. నేను సరేనండీ అని వచ్చేశాను. స్టాఫ్ రూమ్‌లో కూర్చున్నాక ఈ సంగతి ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. ఎవరితో చెప్పుకోవాలో మాత్రం తోచలేదు.

మావారు పోయాక పటమటలోని మా ఫ్లాట్‌లో నేనొక్కదాన్నే ఉంటున్నాను. మాకు పిల్లలు లేరు. సాయంత్రం కూర తరుక్కుంటూ మర్నాటి పాఠం పైకే చెప్పుకునే అలవాటు ఒకటి పట్టుకుంది. ఒకసారి పక్క ఫ్లాట్ ఆవిడ లిఫ్ట్ దగ్గర "మీ ఇంటికి చుట్టాలొచ్చారాండీ?" అని అడిగింది. అప్పట్నుంచి గొంతు తగ్గించాను.

ఆ ఒక్క అమ్మాయి పేరు ఉషశ్రీ. వాళ్ళది చల్లపల్లి అవతల ఒక పల్లె, అరటి తోటల ఊరు. ఇక్కడ హాస్టల్లో ఉండేది. మొదటిరోజు క్లాసుకి వెళ్తే మూడో బెంచీలో కూర్చుని ఉంది.

"అంత దూరమెందుకమ్మా, ముందుకొచ్చి కూర్చో" అన్నాను.

"ఇక్కడైతే క్లాసులో ఉన్నట్టుంటుంది మేడమ్" అంది నవ్వుతూ.

నేనూ గది నిండా పిల్లలున్నట్టే బోర్డు మీద రాసి, గంట కొట్టాక కూడా చాలాసేపు పాఠం చెప్పాను. ఆ పిల్ల ఒక్కసారి కూడా టైము చూసుకోలేదు.

* * *

వానలు పట్టిన రోజుల్లో ఒక శనివారం మా అటెండర్ అబ్రహాము వచ్చి, "ఎవరో రైతు వచ్చారండి, మీకోసమే" అన్నాడు. వెనకే నడివయసు మనిషి. ప్యాంటు పిక్కల దాకా మడుచుకున్నాడు. చంకలో తడి గోనెపట్టాలో చుట్టిన పొడుగాటి మూట.

"నమస్కారమండి. నా పేరు వెంకటసుబ్బారావండి. ఉషశ్రీ వాళ్ళ నాన్ననండి."

"అలాగా! కూర్చోండి. ఉషకి ఫోన్ చేస్తానుండండి."

"వద్దండి, వద్దండి" అన్నాడు కంగారుగా. "స్నేహితులతో కలిసి సినిమాకి వెళ్తన్నానంది ఇయ్యాళ. అది ఉండదనే వచ్చానండి."

మూట విప్పాడు. లోపల అరటి బోదె ముక్క, కింద దుంపతో సహా. అమృతపాణి అరటి. ఆయన దగ్గరున్న కత్తితోనే నిలువుగా చీల్చి చూశాను. తెల్లటి బోదెలో పైనుంచి కిందదాకా ఎర్రటి గోధుమరంగు చారలు. నాకు సగం అర్థమైపోయింది. ఆయన బోదెను చూడటం లేదు. నా మొహం చూస్తున్నాడు.

"అదేనాండి?"

"పరీక్ష చెయ్యకుండా చెప్పకూడదండీ. కొన్ని రోజులు పడుతుంది."

"షాపులో మందు మార్చి మందు ఇచ్చారండి. అన్నీ పోశాను. ఆకులు పసుపెక్కి, విరిగినట్టు చుట్టూ వేలాడిపోతన్నాయి. మొదట కాలవ పక్కన మొదలైంది. ఇప్పుడు మధ్యలోకి వచ్చేసింది." గొంతు తగ్గించాడు. "మా ఉషకి మాత్రం చెప్పకండి. దాన్ని పీజీకి పంపించడానికి మా అమ్మతో పెద్ద గొడవే అయిందండి. తోటకి ఇట్టా అయిందని తెలిస్తే చదువు మానేసి వచ్చేస్తది."

"తను అడిగితే నేను అబద్ధం చెప్పలేనండీ. అడక్కపోతే నా అంతట నేను చెప్పను."

అది చాలన్నట్టు తలూపాడు.

"ఈ తోటలోంచి పిలకలు ఎవరికైనా ఇచ్చారా?" అని అడిగాను.

గోనెపట్టా మడత పెడుతున్నవాడు ఆగిపోయాడు. "మా అన్నయ్యకిచ్చానండి, కిందటేడు. పక్క చేనే. అప్పటికి నా తోట బాగుందండి."

"ఇక ఎవరికీ ఇవ్వకండి. మీ చేలో నీళ్ళు పక్క చేలోకి పోనివ్వకండి."

కాఫీ తెప్పిస్తానన్నా వినకుండా వానలోనే వెళ్ళిపోయాడు.

ఆ పరీక్ష నేనే చేద్దామనుకున్నాను. కానీ సోమవారం నేను వచ్చేసరికే ఉష లాబ్‌లో ఉంది. బల్లమీది బోదె ముక్క దగ్గర నిలబడి, పండక్కి కొత్త బట్టలు చూసిన పిల్లలా ఉంది.

"పనామా తెగులు శాంపిలే కదా మేడమ్ ఇది? ఎంత క్లియర్‌గా ఉందో! నేను చేస్తానండీ, ప్లీజ్. పుస్తకంలో బొమ్మలే గానీ ఇంతవరకూ నేనెప్పుడూ చెయ్యలేదు."

వద్దనడానికి ఏ కారణం చెప్పాలో తెలియలేదు. "చెయ్యి" అన్నాను.

ఆ పిల్ల చెయ్యి చాలా శుభ్రం. గోధుమరంగు చార ఉన్నచోట చిన్న చిన్న ముక్కలు కోసి, మందునీళ్ళలో ముంచి, కడిగి, ఒక్కొక్కటీ పెట్రీ డిష్‌లో, బూజు పెరగడానికి పోసిన మీడియా మీద పెట్టింది. స్పిరిట్ దీపం ముందు కూర్చున్నంతసేపూ ఊపిరి కూడా మెల్లగా తీసుకుంది. తర్వాత రోజూ క్లాసుకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఇంక్యుబేటర్ తలుపు తీసి చూసేది. ముక్కల చుట్టూ తెల్లటి దూదిలాంటి బూజు అల్లుకుంది. అడుగున లేత ఊదారంగు తేలింది. వారం తిరిగాక స్లైడ్ చేసి మైక్రోస్కోపు కింద పెట్టింది.

"మేడమ్! కొడవళ్ళు! కొడవళ్ళు!" అని అరిచింది.

వెళ్ళి చూశాను. కొడవలి ఆకారంలో సన్నటి బీజాలు, మధ్యలో అడ్డగీతలతో. ఫ్యుసేరియమ్. అనుమానానికి చోటు లేదు. తల ఎత్తేలోపే ఆ పిల్ల ఫోన్ మైక్రోస్కోపుకి ఆనించి ఫొటో తీసేసింది.

"మా నాన్నకి పంపిస్తాను మేడమ్."

నేను ఆగమ్మా అనబోయాను. అప్పటికే ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడుతోంది. "నాన్నా, ఇది చూడు. మన అరటికి పనామా తెగులు తెచ్చే ఫంగస్ ఇదే. మొత్తం నేనే చేశాను తెలుసా? మేడమ్ ముట్టుకోను కూడా ముట్టుకోలేదు."

కాసేపటికి ఆయనే ఫోన్ చేశాడు. మెచ్చుకుంటాడని, అది నేనూ వినాలని కాబోలు, ఉష స్పీకర్ నొక్కింది.

"నాన్నా, మేడమ్ పక్కనే ఉన్నారు."

"ఖాయంగా అదేనా అమ్మా?" అన్నాడాయన.

"ఖాయంగా నాన్నా. అనుమానమే లేదు."

"మరి... మేడమ్ గారేమంటన్నారు? మొత్తం తీసెయ్యాలంటారా?" అన్నాడు.

"ఏం తీసెయ్యాలి నాన్నా?"

ఎక్కడో ట్రాక్టర్ చప్పుడు వినిపించింది. తర్వాత ఫోన్ ఆగిపోయింది. ఉష మొహం మీద నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. అలాగే నావైపు తిరిగింది.

"మేడమ్, ఈ శాంపిల్ ఎక్కడిది?"

అడిగింది కాబట్టి చెప్పాను.

* * *

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. సింక్ దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. బల్ల తుడిచింది. ఊరికి వెళ్ళిపోతానని కూడా అనలేదు.

"రుజువు పూర్తి కాలేదు కదా మేడమ్" అంది చివరికి. "బూజు కనిపించినంత మాత్రాన జబ్బు దానివల్లే వచ్చిందనకూడదని మీరే చెప్పారు. దాన్ని ఆరోగ్యంగా ఉన్న మొక్కకి ఎక్కించాలి. ఆ మొక్కకీ అదే జబ్బు రావాలి. అందులోంచి మళ్ళీ ఇదే బూజు బయటికి తియ్యాలి."

"అవును."

"అయితే అది చేద్దాం."

అంత అవసరం లేదని నాకు తెలుసు. ఆ పిల్లకీ తెలుసనుకుంటాను. కాదనలేకపోయాను. వెంకటసుబ్బారావుకి ఫోన్ చేసి, జబ్బు అదేనని, మట్టిలో ఉండిపోయే దానికి మందు లేదని, ఎండిన మొక్కలు ఉన్నచోటే కాల్చెయ్యమని, అన్నగారికి కూడా చెప్పమని చెప్పాను. ఆయన అంతా విని, "ఉష ఇంకా ఏదో పరీక్ష చేస్తన్నానందండి. అది తేలాక అన్నయ్యకి చెప్తానండి. రెండు చేల మధ్యా నీళ్ళు పారకుండా ఆపేశాను, పిలక ముట్టుకోనివ్వను" అన్నాడు. ఆయనకి కూడా ఆ పరీక్షే కావాల్సివచ్చింది.

ఏ జబ్బూ లేకుండా లాబ్‌లో పెంచిన టిష్యూ కల్చర్ అరటి మొక్కలు తెప్పించాం. డిపార్ట్‌మెంట్ వెనక, షెడ్డు కింద కుండీల్లో నాటాం. కొన్ని కుండీల మట్టిలో ఉష తన చేత్తోనే ఆ బూజు కలిపింది. మిగిలినవి మంచి మట్టిలోనే ఉంచి, నీళ్ళు కలవకుండా దూరంగా పెట్టింది.

అక్కడి నుంచి మా ఇద్దరి పనీ ఎదురుచూడటమే. ఆగస్టు, సెప్టెంబరు అలా వెళ్ళాయి. మధ్యాహ్నం కుండీల దగ్గరే బల్ల వేసుకుని క్యారేజీలు విప్పుకునేవాళ్ళం. హాస్టల్ కూర బాగోలేదని నేను రెండు కూరలు చేసి తీసుకెళ్ళేదాన్ని. చాలాకాలం తర్వాత వంటింట్లో ఇంకొకరికి ఏం ఇష్టమో ఆలోచించుకుంటూ వండాను. ఆదివారం కూడా మొక్కలకి నీళ్ళు పొయ్యాలనే వంకతో బస్సెక్కి వెళ్ళేదాన్ని. అబ్రహాము ఆదివారం ఉండడు. ఉష ఒక్కతే షెడ్డులో కూర్చుని ఉండేది.

"మీ ఆయనగారు కూడా లెక్చరరాండీ?" అని అడిగింది ఒకసారి.

"కాదమ్మా, బ్యాంకులో చేసేవారు. ఆయనకి తులసిమొక్కా మిరపమొక్కా ఒకటే" అన్నాను. ఆ పిల్ల నవ్వింది. ఆయన గురించి నవ్వుతూ మాట్లాడి ఎన్నాళ్ళయిందో అనిపించింది.

తోట మాట ఇద్దరం ఎత్తేవాళ్ళం కాదు. కుండీలు మాత్రం రోజూ చూసేవాళ్ళం. బూజు కలిపిన మొక్కలు కూడా కొత్త ఆకులు వేశాయి. "బాగానే ఉన్నాయి కదా మేడమ్" అనేది. నేను ఊఁ అనేదాన్ని. పరీక్ష సరిగ్గా జరిగితే అవి చావాలి. ఆ పిల్ల వాటిని బతికించడానికి వచ్చినట్టు కూర్చునేది.

ఒకరోజు నేను వెళ్ళేసరికి ఒక కుండీ ఎండలోంచి నీడకి జరిపి ఉంది. అడుగు ఆకు అంచు పసుపుపచ్చగా తిరిగింది.

"ఎండ ఎక్కువైందేమో మేడమ్" అంది నా వైపు చూడకుండా.

పక్కనే, అదే ఎండలో, మంచి మట్టి కుండీలు పచ్చగా ఉన్నాయి.

దసరా సెలవులకి పిల్లలంతా ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఉష వెళ్ళలేదు. ఆ సెలవుల్లోనే రెండో ఆకూ మూడో ఆకూ వాలిపోయాయి. ఒక ఉదయం తనే కత్తి తెచ్చింది. మొక్కని కుండీలోంచి తీసి, కాండం నిలువుగా చీల్చింది. చిటికెనవేలంత లావు లేని ఆ కాండంలో కూడా చారలు అలాగే ఉన్నాయి. మళ్ళీ ముక్కలు కోసింది. మళ్ళీ మీడియా మీద పెట్టింది. మళ్ళీ కొడవళ్ళు వచ్చాయి. ఈసారి ఫొటో తియ్యలేదు.

"మేడమ్, మీరు మా ఊరు రాగలరా?" అంది. "నేనొక్కదాన్నే చెప్తే చిన్నపిల్లనని తీసిపారేస్తారు."

* * *

ఉష వాళ్ళ ఇల్లు ఏటి కరకట్టకి దగ్గర్లోనే. అరుగు మీద వాళ్ళ నాయనమ్మ బుల్లెమ్మగారు కూర్చుని ఉంది. "రండమ్మా, మా పిల్ల పంతులమ్మగారా" అని నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఉష వాళ్ళమ్మ కాఫీలు తెచ్చింది. దుర్గాప్రసాద్‌ని కబురుపెట్టి పిలిపించారు. వెంకటసుబ్బారావుకి అన్న. భారీ మనిషి, గట్టి గొంతు. వస్తూనే ఉష నెత్తిమీద చెయ్యి వేసి, "ఏమ్మా, పండక్కి కూడా రాలేదేంటి? మీ పెద్దమ్మ అరిసెలు దాచింది" అన్నాడు.

వెంకటసుబ్బారావు నోరు తెరుస్తాడని చూశాం. ఆయన స్తంభానికి ఆనుకుని నేల చూస్తున్నాడు. ఉషే చెప్పింది. తోటకి ఏమొచ్చిందో, ఎలా తెలిసిందో, ఎలా రుజువైందో ఒకదాని తర్వాత ఒకటి చెప్పింది. క్లాసులో జవాబు చెబుతున్నట్టే చెప్పింది గానీ చున్నీ కొస వేలికి చుట్టుకుంటూనే ఉంది.

"పెదనాన్నా, కిందటేడు నువ్వు తీసుకెళ్ళిన పిలకలు ఈ తోటవే. కాలవ పక్క వరసలు తీసేసి, సున్నం పొయ్యాలి. ఆ చేలో మళ్ళీ అమృతపాణి వెయ్యకూడదు."

దుర్గాప్రసాద్ నవ్వాడు. "నా తోట ఎట్టా ఉందో చూశావా? బంగారంలాగుంది."

"ఇప్పుడు కనపడదు. లోపలుంటుంది."

ఆయన నవ్వు పోయింది. తమ్ముడి వైపు చూశాడు. "నీకెప్పుడు తెలిసిందిరా?"

"అనుమానం... వానల ముందు" అన్నాడు వెంకటసుబ్బారావు.

"అంటే నాకు రోగం అంటగట్టి, ఇన్నాళ్ళు నాతో కలిసి భోజనం చేస్తా కూర్చున్నావన్నమాట."

"నాన్న తెలియక ఇచ్చారు పెదనాన్నా" అంది ఉష. "ఇప్పుడు తెలిసీ చెప్పకపోతే, అప్పుడు అంటగట్టినట్టు."

"నువ్వు నాకు నేర్పుతున్నావా?"

ఆయన లేచాడు. కాఫీ గ్లాసు అలాగే ఉంది. వాకిలి దాటాక వెనక్కి తిరిగి, "నా చేలోకి ఎవరైనా సున్నం పట్టుకుని వస్తే ఊరుకోను" అని వెళ్ళిపోయాడు.

బుల్లెమ్మగారు నా చెయ్యి వదిలేసింది. కొడుకుతో కాదు, మనవరాలితో అంది.

"చదువు, చదువు అని వెళ్ళావు. అన్నదమ్ముల్ని విడగొట్టి వచ్చావు."

వెంకటసుబ్బారావు గోడకున్న కత్తి తీసుకుని తోటలోకి నడిచాడు. వెనకే ఉష, ఆ వెనక నేను. పచ్చగా ఉన్న చెట్ల మధ్య జబ్బు చెట్లు ఎండిన ఆకుల్ని చుట్టూ వేలాడేసుకుని నిలబడ్డాయి. కొన్నిటికి గెలలున్నాయి. సన్నగా, ముదరకుండానే పండుబారినట్టు ఉన్నాయి. ఆయన మొదటి చెట్టు నరికాడు. అది పెద్దగా చప్పుడు కూడా చెయ్యలేదు. నీళ్ళ బరువుతో మెత్తగా పడిపోయింది.

సాయంత్రం ఆయనే బండి మీద నన్ను చల్లపల్లి బస్టాండ్‌లో దింపాడు. "అన్నయ్య నాతో ఇట్టా ఎప్పుడూ మాట్లాడలేదండి" అన్నాడు. బస్సు కదిలేదాకా అక్కడే నిలబడ్డాడు.

* * *

వారంలో వస్తానన్న ఉష రాలేదు. తోట మొత్తం తీసేస్తున్నారట. కూలివాళ్ళకి ఏ చెట్టు ఎక్కడ కాల్చాలో, కత్తులు ఎలా కడగాలో చెప్పడానికి తనుండాలంది. దీపావళి వెళ్ళిపోయింది. నేను క్లాసు టైముకి క్లాసుకి వెళ్ళేదాన్ని.

"తాళం తియ్యమంటారాండి?" అని అడిగేవాడు అబ్రహాము.

"తియ్యి" అనేదాన్ని.

బోర్డు మీద ఆ రోజు పాఠం పేరు రాసి, కుర్చీలో కూర్చుని, గంట కొట్టాక తుడిచి వచ్చేదాన్ని. మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో అందరితో కూర్చుని తినేదాన్ని. రెండో కూర మానేశాను. వెనక షెడ్డులో మిగిలిన మంచి మొక్కలు కుండీలు పట్టనంత ఎదిగాయి. ఒకటి రెండు చెట్లైనా నేలలో వేద్దామని అబ్రహాము అడిగితే, ఉష వచ్చాక చూద్దామన్నాను.

వరండాలో ప్రిన్సిపాల్ గారు కనబడి, "ఆ అమ్మాయి మానేసిందటగా?" అన్నారు.

"లేదండీ. ఫీల్డ్ వర్క్‌లో ఉంది."

రోజు విడిచి రోజు ఫోన్ చేసేదాన్ని. ముందు పొడిపొడిగా మాట్లాడేది. ఒకరోజు తనే ఆపకుండా చెప్పింది. నాయనమ్మ తనతో మాట్లాడటం లేదు. పెదనాన్న వాకిట్లోంచి వెళ్తూ మొహం అటు తిప్పుకుంటున్నారు. పెద్దమ్మ కూడా చెరువు దగ్గర పలకరించలేదు. ఇంట్లో నాన్న ఏమీ అనడు గానీ అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నాడు.

"నేను చెప్పకుండా ఉండాల్సిందా మేడమ్?"

"లేదు" అన్నాను.

ఇంకేదైనా అనాల్సింది. ఆ వయసు పిల్లకి అంతకంటే ఎక్కువ మాట కావాలి. ఫోన్ పట్టుకుని వంటింట్లో నిలబడ్డాను. అవతల తనూ అలాగే ఉంది. ఇద్దరం కాసేపు ఊరికే ఆ ఫోన్‌లో ఉండి, తర్వాత పెట్టేశాం.

నవంబరు నెలాఖర్లో ఒక కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"మేడమ్ గారూ, నేను దుర్గాప్రసాద్‌నండి." గొంతు అప్పటంత గట్టిగా లేదు. "కాలవ పక్క వరసలో ఆకులు పసుపెక్కుతన్నాయండి. మీరొకసారి వచ్చి చూస్తారేమోనని."

"ఉష అక్కడే ఉంది కదండీ."

"ఏ మొహం పెట్టుకుని పిలవమంటారండి దాన్ని?"

"నేను ఆదివారం వస్తాను. కానీ చూడాల్సింది ఉషే. పిలవాల్సింది మీరే" అన్నాను.

"సరేనండి" అన్నాడు.

ఆదివారం నేను వెళ్ళేసరికి దుర్గాప్రసాద్ తన చేను గట్టు మీద నిలబడి ఉన్నాడు. పక్కనే తమ్ముడి చేను బోడిగా, సున్నం చల్లిన మచ్చలతో ఉంది. ఉష ఆ చేలోంచి నడిచి వచ్చింది. బాగా నల్లబడింది. చేతిలో కత్తి. పెదనాన్న ముందు ఆగింది.

"రామ్మా" అన్నాడాయన.

ఆ పిల్ల చేలోకి దిగింది. ఆయన సున్నం బక్కెట్ పట్టుకుని వెనక నడిచాడు. ఒక్కో చెట్టు దగ్గర వంగి, మొదలు చూసి, అడుగు ఆకులు ఎత్తి చూసి ముందుకెళ్తోంది.

"ఇదో?" అన్నాడాయన.

"తీసెయ్యాలి."

"ఇది?"

"ఇదీ తీసెయ్యాలి."

"ఇదైనా ఉంటదా అమ్మా?"

ఉష ఆ చెట్టు చుట్టూ తిరిగింది. "ఇది బాగానే ఉంది పెదనాన్నా. కానీ నీళ్ళు ఆ కాలవ నుంచి పెట్టకు."

ఒకచోట అనుమానం వచ్చినట్టు నా వైపు చూసింది. నేను గట్టు దిగి రెండడుగులు వేశాను. నేను వెళ్ళేలోపే మోకాళ్ళ మీద కూర్చుని, మట్టి తొలిచి, దుంప కొసన చిన్న ముక్క కోసి, వెలుగుకి ఎత్తి చూసింది. "ఇది కూడా" అంది పెదనాన్నతో. నేను అక్కడే ఆగిపోయాను.

వెంకటసుబ్బారావు తన చేలోనే నిలబడి ఇదంతా చూస్తున్నాడు. ఇటు రాలేదు. దుర్గాప్రసాద్ పిలవలేదు. ఒక్కసారి మాత్రం బక్కెట్‌లో సున్నం అయిపోతే, తమ్ముడి గట్టు మీదున్న బస్తా వైపు చూశాడు. వెంకటసుబ్బారావు ఆ బస్తా భుజాన వేసుకొచ్చి గట్టు మీద దింపి, వెనక్కి వెళ్ళాడు. దుర్గాప్రసాద్ బస్తా మూతి విప్పి బక్కెట్ నింపుకున్నాడు.

వరసలన్నీ అయ్యేసరికి బాగా పొద్దెక్కింది. ఉష చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"సోమవారం క్లాసుకి వస్తాను మేడమ్" అంది. "చాలా పాఠాలు పోయాయా?"

"ఏమీ పోలేదు. అన్నీ అలాగే ఉన్నాయి" అన్నాను.

అన్నం తిని వెళ్ళమంది. అవతల దుర్గాప్రసాద్, "ఉషా, ఈ చివర చెట్టు చూశావా?" అని కేకేశాడు. "వస్తన్నా" అంటూ మళ్ళీ చేలోకి పరుగెత్తింది. నేను మెల్లగా కరకట్ట ఎక్కి, ఆటో పట్టుకుని చల్లపల్లి వచ్చేశాను.

బస్సులో పక్కన కూర్చున్న పెద్దావిడ పామర్రు రాకముందే నా సంగతులన్నీ అడిగింది. ఏ ఊరు, ఏం పని, ఇటెందుకొచ్చారని.

"మా స్టూడెంట్‌ని చూడటానికి వచ్చానండీ."

"టీచరుగారా? ఎంతమంది ఉంటారమ్మా మీ క్లాసులో పిల్లలు?"

"ఒక్కతేనండీ" అన్నాను.

"ఒక్కతేనా!" అని ఆవిడ చెయ్యి బుగ్గన పెట్టుకుంది. నన్ను ఓదార్చాలో మెచ్చుకోవాలో తెలియనట్టు కాసేపు చూసి, సంచిలోంచి జామకాయ తీసి ఇచ్చింది. ఉయ్యూరులో దిగిపోయింది. అక్కణ్ణుంచి బెజవాడ దాకా పక్క సీటు ఖాళీగానే ఉంది. కిటికీలోంచి గాలి వస్తోంది. సోమవారం ఏ పాఠంతో మొదలుపెట్టాలా అని ఆలోచించుకుంటూ జామకాయ తిన్నాను.